కండె పొయ్యలే

నవంబర్ 4, మంగళవారం

ఈ పిల్లిపిల్లను ఇంటికి తెచ్చిన మనిషిని చెప్పుతో కొట్టాలి. తెచ్చింది నేనే.

ఇవాళ మళ్లీ మగ్గం గుంటలో పోసింది. మా ఆయన పొద్దున్నే నేయడానికి కూర్చుని గుంటలో కాళ్లు పెట్టి, పెట్టినంత తొందరగా పైకి తీశాడు. "జయా, మీ తల్లిగారు పంపిన సారె కాళ్లకింద పారుతుంది, జర వచ్చి సూడు" అన్నాడు. లక్ష్మణ్ కోపంలో ఉన్నప్పుడే ఇట్లా నవ్వుతూ మాట్లాడతాడు. మామూలప్పుడు మాట్లాడనే మాట్లాడడు.

అత్తమ్మ పసుపు నీళ్ల చెంబుతో వచ్చింది. "మగ్గమంటే లచ్చుమి. లచ్చుమి కాళ్లకాడ ఉచ్చ. ఇగ ఈ ఇల్లు బాగుపడ్తదా?" అని గుంట చుట్టూ చల్లింది. మా అత్త రుక్కమ్మ ఒకసారి నోరు తెరిస్తే మళ్లీ మధ్యాహ్నం అన్నం దగ్గరే మూస్తుంది.

అందరూ మరిచిపోయారు గానీ పిల్లి కావాలన్నది వీళ్లే. గంజి పెట్టిన నూలంటే ఎలుకలకు పెళ్లి భోజనం. దసరాకు ముందు మగ్గానికి బిగించిన పడుగు నూలు సగం కొరికి పోగులు పోగులు చేశాయి. పండక్కి కోడేరులో మా పుట్టింటికి పోయినప్పుడు మా వదిన, "మా పిల్లి ఈనింది, ఒకదాన్ని తీస్కపో" అంది. నా కూతురు సుప్రియ దాన్ని గద్వాల దాకా ఒళ్లోనే పెట్టుకుంది. నూలు చుట్టిన కండె అంత ఉందని దానికి కండె అని పేరు కూడా పెట్టింది.

ఆ బస్సు ప్రయాణం గురించి రాయను.

నవంబర్ 6

పాత ప్లాస్టిక్ తొట్టిలో పల్లి పొట్టు పోసి మూలన పెట్టాను. ఈ ఊళ్లో ఏం కావాలన్నా దొరక్కపోవచ్చు, పల్లి పొట్టుకు మాత్రం కరువు లేదు. కండె వచ్చి వాసన చూసింది. ఒక కాలు పెట్టి, విదిలించుకుని, నా మొహం వంక చూసింది. తర్వాత తిన్నగా పోయి గుంటలో దిగింది.

దాని తప్పేముంది. మెత్తటి మట్టి, చల్లటి చీకటి. దాని కోసమే తవ్వించారనుకుంది. మూడు తరాల మగ్గం గుంట అని దానికెవరు చెప్పాలి.

నవంబర్ 9

నేను కూర్చునే బొంత తడిసింది. ఉతికి ఆరేశాను. పిల్లి పనే.

నవంబర్ 13

కొత్త చీర మొదలుపెట్టాం. వనపర్తిలో ఎవరిదో పెళ్లికట. తెల్లటి నూలు చీర, కుంకుమ రంగు పట్టు అంచు. కుట్టు అంచు ఒక్కరి వల్ల అయ్యే పని కాదు. ఆయన గుంటలో కాళ్లు పెట్టి కూర్చుని చీర నేస్తాడు. నేను పక్కన బొంత మీద కూర్చుని అంచు పోగున్న నాడెను నా వైపు నుంచి విసురుతూ, ఆయన పోగుకూ నా పోగుకూ ప్రతి వరుసలో మెలిక పెట్టాలి. ఒక్క మెలిక తప్పితే చీరకూ అంచుకూ మధ్య వెలుతురు కనిపిస్తుంది. నా వైపు ఎప్పుడూ కనిపించలేదు. మాకు నూలిచ్చి చీరలు తీసుకునే సావుకారి ఒకసారి చీరను ఎండకు పట్టి, "ఈ పక్క అంచు ఎవరు నేసిన్రు? కత్తిలెక్క ఉంది" అని అడిగాడు. మా ఆయన "మేమే" అన్నాడు.

పెళ్లయి వచ్చేనాటికి నాకు నాడె పట్టడం రాదు. మా నాయిన ఎప్పుడో మగ్గం అమ్మేసి కోడేరులో కిరాణా దుకాణం పెట్టుకున్నాడు. అంతా ఇక్కడే నేర్చుకున్నాను, అత్తమ్మ చేతిలో మొట్టికాయలు తింటూ. ఈ ఇంట్లో నాది అని చెప్పుకోవడానికి ఆ అంచు ఒక్కటే ఉంది.

చలి మొదలైంది. నీళ్లు తాగడం తగ్గించాను. టీ మానేశాను.

నవంబర్ 14

మళ్లీ బొంత. పిల్లి.

నవంబర్ 17

పిల్లి.

"ఈ పిల్లికి నువ్వంటే పాణం ఉన్నట్టుంది జయా, నీ జాగ తప్ప ఇంకోటి కనవడ్తలేదు" అన్నాడు ఆయన. నవ్వుతూనే అన్నాడు.

నవంబర్ 20, గురువారం

ఈ పుస్తకం నేను తప్ప ఎవరూ చదవరు. ఇందులో కూడా అబద్ధం రాసుకుంటే నాకంటే పిచ్చిది ఉండదు.

బొంత తడిపేది పిల్లి కాదు. నేను.

గుంటలో పోసేది అదే, అది దాని పాపం. బొంత మీదది నాది. రెండూ దాని నెత్తినే వేశాను. దగ్గితే తడుస్తుంది. నాడె కోసం ఒంగితే తడుస్తుంది. ఒక్కోసారి ఏమీ చేయకపోయినా తడుస్తుంది, నాకు తెలిసేసరికే అయిపోయి ఉంటుంది. పోయినేడు గర్భసంచి తీయించినప్పటి నుంచి ఇంతే.

ఆ సంగతి కూడా రాసేస్తాను. మా ఇంట్లో బయటున్న రోజుల్లో ఆడది మగ్గం ముట్టకూడదు. నేను ముట్టకపోతే అంచు ఆగుతుంది, అంచు ఆగితే చీర ఆగుతుంది. అందరికీ అదొక పెద్ద పరేషాన్. నాకు రక్తం ఆగక దవాఖానకు పోతే సంచి తీసేయాలన్నారు. అత్తమ్మ, "మంచిదే, పీడ వోతది. ఇగ నెలంత కూసోని నేయొచ్చు" అంది. ఆమెను ఒక్కదాన్నే అనడం న్యాయం కాదు. నాకూ సంతోషమే అయింది. ఇక నన్నెవరూ మగ్గం దించరు అనుకున్నాను.

నెలకు నాలుగు రోజులు ముట్టనివ్వని ఇల్లు, రోజూ తడిసేదాన్ని ముట్టనిస్తుందా? ఈ సంగతి బయటపడితే నా బొంత మీద ఇంకెవరో కూర్చుంటారు. నేను వంటింట్లో పొయ్యి దగ్గర కూర్చుని, వాళ్ల అంచులో వెలుతురు చూస్తూ బతకాలి.

ఆయనతో ఒకసారి, "నడుములో బాగుండట్లేదు, ఒకసారి డాక్టర్‌కు చూపించుకుంటా" అన్నాను. "ఈ చీర దిగినంక సూద్దాం" అన్నాడు. ఆ చీర దిగింది. ఆ తర్వాతిదీ దిగింది.

నవంబర్ 23

పక్కింటి యాదమ్మ పల్లి పొట్టు తొట్టి చూసి పగలబడి నవ్వింది. "పొట్టు దాని కాళ్లకు గుచ్చుకోదా జయమ్మా? మట్టి పెట్టు. పిల్లి గీకి పోసి, గీకి కప్పెడ్తది. దానికున్న సిగ్గు మనుషులకు సుత లేదు."

ఆమె నన్నే అందనుకున్నాను. ఆమె ఎవరినీ అనలేదు. దోసెడు చింతపండు అడిగి తీసుకుని పోయింది.

గుమ్మం దాటితే మట్టే. తెచ్చి పోయడం ఎంతసేపు. పోయలేదు. పొట్టే మార్చి కొత్త పొట్టు పోశాను.

పిల్లి నేర్చుకున్న రోజున ఈ ఇంట్లో తడికి ఒక్కరే మిగులుతారు.

నవంబర్ 30, ఆదివారం

సుప్రియ ఫోన్‌లో ఏదో వీడియో చూసింది. నేను బట్టలు ఉతికి వచ్చేసరికి తొట్టిలో పొట్టు లేదు, గుంటలోంచి గీకి తెచ్చిన మట్టి ఉంది. నేత లేని వేళకని గుంట మీద చెక్క పలక కప్పి, పలక మీద ఇటుక పెట్టింది. కండెను తొట్టిలో నిలబెట్టి, దాని ముందు కాలు పట్టుకుని గీకడం నేర్పిస్తోంది, ఒకటో తరగతి పిల్లకు అ ఆలు దిద్దించినట్టు.

సాయంత్రానికి అది తనంతట తనే పోయి తొట్టిలో పోసింది, మట్టి కప్పింది, బయటికి దూకి తోక నాక్కుంది. సుప్రియ ఇల్లంతా తిరిగి చెప్పింది. "నాన్నా, కండె పాసైంది. అవ్వా, కండె పాసైంది."

"మంచిదే బిడ్డా, మీ నాయినకంటె నయం, మొదటిసారికే పాసైంది" అంది అత్తమ్మ. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

డిసెంబర్ 3

బొంత.

"ఇదేంది, మళ్ల షురూ చేసిందా?" అన్నాడు ఆయన.

"కండె కాదు" అంది సుప్రియ. స్కూలు బ్యాగు భుజానికి తగిలించుకుని గుమ్మంలో ఉంది.

"మరెవరు, నువ్వా?" అన్నాను.

అది నన్ను చూసింది. స్కూలుకు పోయింది.

డిసెంబర్ 4

అది స్కూలుకు పోగానే తొట్టిలో మట్టి పారబోసి పొట్టు నింపాను. ఆయన సావుకారి దగ్గరికి పోయాడు, ఇవాళ నేత లేదు. గుంట మీది పలక కొంచెం పక్కకు జరిపి ఉంచాను.

రాయడానికి చెయ్యి రావడం లేదు గానీ చేశాను, కాబట్టి రాస్తున్నాను.

కండె వచ్చి చూసింది. గుంటలోకి దిగలేదు. తొట్టి చుట్టూ తిరిగింది, అరిచింది, గుమ్మంలో కూర్చుంది. సుప్రియ సాయంత్రం వచ్చి మట్టి పోసేదాకా అట్లాగే కూర్చుంది. పోయగానే ఒక్క దూకు దూకి ఎంతసేపు పోసిందో.

నాకంటే నయం. అది ఆపుకోగలదు.

మట్టి ఎవరు తీశారని సుప్రియ అడగలేదు.

డిసెంబర్ 11, గురువారం

వనపర్తి చీర నిన్న మగ్గం దిగింది. ఇవాళ కొంగుకు కుచ్చులు వేయడానికి ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. అత్తమ్మ వంటింట్లో పచ్చడికి ఎండు మిరపకాయలు వేయిస్తోంది. ఘాటు ఇల్లంతా కమ్మింది. ఒక తుమ్ము. రెండో తుమ్ము. చీర తీసి పక్కన పెట్టాలని తెలుసు, చేతుల్లో కుచ్చుల దారాలు మెలిపడి ఉన్నాయి. మూడో తుమ్ముకు అయిపోయింది.

తీసి చూస్తే కుంకుమ రంగు తెల్లటి నూలులోకి పాకుతోంది. అరచేయంత మచ్చ, ఎర్రగా, అంచున పసుపు. నా అంచు. నేను మెలిక పెట్టిన అంచు.

కండె కిటికీలో నిద్రపోతోంది. దాన్ని మెడ పట్టుకుని తెచ్చి చీర మీద పడేశాను. పడేసి కేక పెట్టాను.

ఆయన వచ్చాడు. మచ్చ చూశాడు, పిల్లిని చూశాడు, దాన్ని కాలితో గోడకేసి తన్నాడు. అది అరవలేదు, మంచం కిందికి పాకింది. అప్పుడే సుప్రియ బడి నుంచి వచ్చింది. చీరను, నన్ను, మంచం కింద కండెను చూసింది.

"కండె పొయ్యలే" అంది.

"నోరు మూస్కో" అన్నాను.

"పొయ్యలే అమ్మా. దాని తొట్ల పొడి మట్టి ఉంది, నేను పోసినప్పుడు ఎట్లుందో గట్లనే ఉంది. అది ఇంకా పొయ్యనేలే. దానికి వస్తే తొట్లకే వోతది. కండె పొయ్యలే."

కొట్టాను. చెంప మీద. ఎప్పుడూ కొట్టలేదు దాన్ని. "అబద్ధాలు నేర్చినవా" అన్నాను. అవును, ఆ మాటే అన్నాను.

అది ఏడవలేదు. మంచం కింద దూరి కండె పక్కన పడుకుంది.

డిసెంబర్ 12

పిల్లిని ఊరవతల వదిలితే మళ్లీ వస్తుంది. ఏరు దాటిస్తే రాదు. ఇది అత్తమ్మ శాస్త్రం. అందుకని ఆయన దాన్ని సంచిలో కట్టి, బస్సెక్కి, కృష్ణ దాటించి కొత్తకోట హైవే మీద ఒక ధాబా దగ్గర వదిలేసి వచ్చాడు. "మస్తు మెతుకులుంటయి ఆడ. మనకంటె మంచిగ తింటది" అన్నాడు. అది ఒక కాలు కుంటుతోందన్న సంగతి ఆ తర్వాత కొంచెంసేపటికి చెప్పాడు.

సావుకారికి ఫోన్ చేసి పిల్లి అని చెప్పాడు. సావుకారి కూడా పిల్లిని తిట్టాడట.

డిసెంబర్ 13

సుప్రియ నాతో మాట్లాడడం లేదు. తొట్టిలో మట్టి మార్చి గుమ్మం బయట పెట్టింది.

డిసెంబర్ 15, సోమవారం

బొంత.

తెల్లవారక ముందే లేచి ఉతకబోయాను. అత్తమ్మ అప్పటికే పెరట్లో ఉంది. నా చేతిలోంచి బొంత తీసుకుని బకెట్‌లో వేసింది, నీళ్లు పోసింది.

"గుడ్డ మందంగ పెట్టుకోవాలె. పాత నూలు చీర అయితె మంచిగ పీలుస్తది. నేను పెట్టుకోలేదా ఇన్నేండ్లు" అంది.



"నీకు తెలుసా అత్తమ్మా?"

"పిల్లి ఉచ్చ వాసన వేరే, మనిషి ఉచ్చ వాసన వేరే. నలుగుర్ని కని కడిగిన చేతులివి. నాకు తెల్వదా?"

"మరి పిల్లిని ఎందుకు పంపించినవ్?"

ఆమె బొంతను రాయి మీద వేసి రెండు దెబ్బలు కొట్టింది. "ఎవల్నో ఒకల్ని పంపాలె గద, అంత పెద్ద చీర ఖరాబైనంక. నువ్వు లేకుంటె మగ్గం నడ్వది. పిల్లి లేకున్నా నడుస్తది."

"లచ్చుమి మైల పడదా?"

"నాలుగు దినాలైతె పడ్తది. రోజూ అయితె ఏం పడ్తది? పోయి పొయ్యి ముట్టియ్యి."

ఇన్నాళ్లూ నేను భయపడింది దేనికో నాకు అర్థం కావడం లేదు. నన్ను మగ్గం దించుతారని భయపడ్డాను. వీళ్లు నన్ను చచ్చినా దించరు.

అయితే ఆయనకూ తెలుసా? అడగలేదు. మధ్యాహ్నం నేస్తున్నప్పుడు నేను దగ్గాను. ఆయన నాడె ఆపి, కిటికీలోకి చూశాడు, మళ్లీ విసిరాడు.

డిసెంబర్ 18

సుప్రియకు జడ వేస్తున్నాను. దాని మొహం నాకు కనిపించదు, నా మొహం దానికి కనిపించదు. అందుకే చెప్పగలిగాను.

"కండె పొయ్యలే. నేనే."

"ఎర్కే" అంది.

"ఎప్పటి సంది?"

"దసరా సంది. బస్సుల."

రిబ్బను ముడి వేశాను. "మరి ఆ రోజు చెప్పొచ్చు కదా, అమ్మే పోసిందని."

"కండె కాదని చెప్పిన. నువ్వని చెప్తనా?"

దెబ్బ తిని కూడా నా పేరు చెప్పలేదు. నేను ఒక్క దెబ్బ కూడా తినకుండానే పిల్లి పేరు చెప్పాను. జడ వేశాక అది అద్దంలో చూసుకుని, "కొత్తకోటకు పోదాం" అంది.

డిసెంబర్ 21, ఆదివారం

పోయాం. ఆయనకు డాక్టర్ దగ్గరికని చెప్పాను. ఈసారి చీర సంగతి ఎత్తలేదు, తల ఊపాడు.

నిన్న మధ్యాహ్నం నుంచి నీళ్లు ముట్టలేదు. పాత నూలు చీర చింపి నాలుగు మడతలు పెట్టుకున్నాను. కృష్ణ మీది వంతెన దాటుతున్నప్పుడు సుప్రియ కిటికీలోంచి కిందికి చూసి, "ఇంత పెద్దదా" అంది.

ధాబా దొరికింది. లారీలు, టైర్ల వాసన, రొట్టెలు కాల్చే పొయ్యి. రొట్టెలు చేసే మనిషి పిండి చేతులతోనే వెనక్కి చూపించాడు. "పిల్లులా? మస్తున్నయి చెల్లే. నీకేది కావాలె?"

"కుంటిది" అంది సుప్రియ.

అతను ఆలోచించాడు. రోడ్డు వైపు ఒకసారి చూశాడు. "కుంటియి ఈడ ఎక్కువ దినాలు ఉండవు బిడ్డా" అన్నాడు.

అయినా సుప్రియ వెతికింది. గిన్నెలు తోమే చోట, లారీల కింద, నులక మంచాల కింద, "కండె, కండె" అని పిలుస్తూ. రెండు పిల్లులు వచ్చాయి. రెండూ దానివి కావు. తన డబ్బాలోని అన్నం వాటికే పెట్టింది. ఇంటి నుంచి కవరులో మట్టి తెచ్చుకుంది, నాకు తెలియదు. ఆ కవరు ధాబా గోడ మూలన కుమ్మరించి, చేత్తో చదును చేసి వచ్చింది.

తిరిగి వచ్చేటప్పుడు బస్సు కిక్కిరిసింది. ఎట్లాగో సీటు దొరికింది. ముగ్గురు కూర్చునే సీటు, కిటికీ పక్కన సుప్రియ, మధ్యలో నేను, ఇటు పక్క పెళ్లికి పోతున్న ఒక పెద్దావిడ, పట్టు చీరలో. ఎర్రవల్లి దగ్గర డ్రైవర్ ఒక్కసారిగా బ్రేకు వేశాడు. నాలుగు మడతలూ ఏమీ ఆపలేదు. వెచ్చగా సీటు మీదికి పారింది. పెద్దావిడ ఉలిక్కిపడి చీర ఎత్తి పట్టుకుని, "ఏందమ్మా ఈ తడి?" అంది. ముందు సీటు వాళ్లు వెనక్కి తిరిగారు.

నేను కళ్లు మూసుకున్నాను. చెప్పేద్దామనే అనుకున్నాను. ఈసారి నేనే అని చెప్పేద్దామనుకున్నాను.

చల్లటి నీళ్లు నా ఒళ్లో పడ్డాయి. కళ్లు తెరిచి చూస్తే సుప్రియ తన నీళ్ల బాటిల్ మొత్తం నా మీద కుమ్మరిస్తోంది. ఖాళీ బాటిల్ పైకెత్తి ఆ పెద్దావిడకు చూపించింది.

"మూత ఊడిందమ్మమ్మా. నాదే తప్పు. మా అమ్మ మొత్తం తడిసిపోయింది."

"జర సూస్కోని పట్టుకోవాలె బిడ్డా" అంది ఆవిడ, జరిగి కూర్చుంది.

ఎంత బాగా చెప్పింది. మొహంలో ఒక్క నరం కదల్లేదు. నిజం చెప్పిన రోజున ఆ చెంప మీదే కొట్టాను. ఇవాళ అబద్ధం చెబితే అదే చెంప నా భుజానికి ఆనించి, గద్వాల వచ్చేదాకా పడుకుంది.